హెబ్రోన్ పుస్తకంలో లేని పేరు

పదకొండో భాగం

పోయిన వారం మీరు నన్ను హెబ్రోన్ మందిరం మెట్ల మీద, వానలో వదిలి వెళ్ళారు. గొడుగు చేతిలోనే ఉంది, విప్పాలని తోచలేదు. సంఘపెద్ద ఇద్వాల్ గారు అన్న మాట ఒక్కటే చెవిలో తిరుగుతోంది. "నీ పేరు ఇందులో లేదు లోర్నా."

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం రెండు ముక్కలు చెబుతాను. నేను పుట్టింది ఇంగ్లండులో, లీక్ అనే ఊళ్ళో. ఇరవై ఆరేళ్ళ కిందట ఇథెల్‌ని చేసుకుని వేరే భాష మాట్లాడే ఈ కైర్నార్వన్ కోటగోడల మధ్యకు వచ్చాను. ఒక సంఘం వదిలి ఇంకో సంఘంలో చేరేవాళ్ళు బదిలీ ఉత్తరం తెచ్చుకోవాలి. మా ఊరి మందిరం వాళ్ళు నాకూ రాసిచ్చారు. పెళ్ళయిన మర్నాడు దాన్ని అత్తగారి చేతిలో పెట్టాను. కొత్తకోడలి ఉత్తరాన్ని అత్తగారే పెద్దలకి అందించడం ఆ రోజుల్లో ఇక్కడి పద్ధతి. "ఇస్తానండీ" అన్నారు ఆవిడ. ఇచ్చారనే అనుకున్నాను. ఏటా సంఘం అచ్చువేసే చిన్న పుస్తకంలో ఇంటి పేరే ఉంటుంది, మనిషి మనిషికీ ఉండదు. అందుకని అనుమానం రాలేదు. ఇరవై ఆరేళ్ళు వెనక నుంచి మూడో బెంచీలో కూర్చున్నాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాను. కూడికలయ్యాక టీ కప్పులు కడిగాను.

ఇప్పుడు హెబ్రోన్ మూసేస్తున్నారు. పదకొండు మందిమి మిగిలాం. పైకప్పు కారుతోంది. ఈ ఆదివారం ఆఖరి ఆరాధన, సోమవారం ఇద్వాల్ గారు సభ్యుల పుస్తకాన్ని పై సంఘం వాళ్ళకి అప్పజెబుతారు. ఆ తర్వాత మందిరం వెనక ఉన్న సమాధులు తెరిచేది ఆ పుస్తకంలో పేరున్నవాళ్ళ కోసమే. ఇథెల్ అక్కడే ఉన్నాడు, మూడేళ్ళుగా. అదే సమాధిలో అతని పెట్టె పైన ఇంకొకరిని ఉంచేంత చోటుంది. నేను బతుకుతున్నదే ఆ చోటు నాకుందన్న ధైర్యంతో.

"ఆ ఉత్తరం వెతికి పట్టుకురా" అన్నారు ఇద్వాల్ గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఆదివారం లోపల తెస్తే నా చేత్తో నేనే ఎక్కిస్తాను. ఉత్తరం లేకుండా రాసేశాననుకో, రేపు పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"పైవాళ్ళంటే ఎవరు ఇద్వాల్ గారూ? పై సంఘమా, దేవుడా?"

"దేవుడితో ఎలాగో సర్దుకుంటానమ్మా. పై సంఘం వాళ్ళే గట్టివాళ్ళు."

నవ్వించాలనే అన్నారు పాపం. నవ్వలేకపోయాను.

*

మర్నాడు బుధవారం పొద్దున అత్తగారికి టీ తీసుకుని వెళ్ళాను. వెన్న రాసిన ఎండుద్రాక్ష రొట్టె రెండు ముక్కలు, టీలో రెండు చెంచాల పంచదార.

అత్తగారి పేరు ఎలినెడ్. ఎనభై ఎనిమిదేళ్ళు. చలికాలంలో మెట్ల మీద పడినప్పటి నుంచి ఆవిడ మంచం కింద ముందుగదిలోనే వేశాం. పాస్టరుగారు వస్తేనో, ఇంట్లోంచి శవం లేస్తేనో తప్ప తలుపు తీయని గది అది. ఇప్పుడు అందులో మంచం, మందుసీసాలు, గోడవారగా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పళ్ళేల బీరువా. పై అరల్లో నీలం పళ్ళేలు, కింద మూడు సొరుగులు. ఆ సొరుగుల జోలికి నేను ఎప్పుడూ పోలేదు. పొమ్మని ఆవిడా ఎప్పుడూ అనలేదు.

ఆవిడ మతి ఈమధ్య ఈ ఊరి జలసంధిలో ఆటుపోటు నీళ్ళలాగే ఉంటోంది. పొద్దున నిండుగా ఉంటుంది, కాసేపటికి వెనక్కి పోతుంది, అడుగున ఉన్న పాత పడవలన్నీ కనిపిస్తాయి. ఆ పొద్దున మాత్రం నిండుగానే ఉంది.

"నిన్న బాగా తడిశారు కదండీ" అన్నారు నన్ను చూడగానే. "జుట్టు ఆరబెట్టుకున్నారా? మీకు జలుబు తొందరగా చేస్తుంది."

మీరు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నాకు ఆవిడ ఇచ్చింది ఆ మాట.

నా పుట్టుభాషలో ఈ గొడవ లేదు. రాజుకీ కుక్కకీ ఒకటే మాట. ఇక్కడి భాషలో రెండున్నాయి, దగ్గరివాళ్ళకి ఒకటి, దూరం వాళ్ళకి ఒకటి. పిల్లలు పెద్దలని మీరంటారు, పెద్దలు పిల్లలని నువ్వంటారు. నాకు భాష నేర్పిన వాళ్ళు ముందు 'మీరు' అనడమే నేర్పారు, ఎవరినన్నా తప్పులేదని. వచ్చిన కొత్తలో మా కుక్క రొట్టెల కొట్టు గుమ్మంలో అడ్డంగా పడుకుంటే, "కాస్త మీరు పక్కకి జరుగుతారా" అని అడిగాను. కొట్టు నడిపే జీని పిండిచేతులతో కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత మూడు వారాలు నేను కనిపిస్తే చాలు, "ఏమే బంగారం, కుక్కగారు బాగున్నారా?" అనేది. వారం తిరిగేసరికి ఊరంతా నన్ను నువ్వనడం మొదలుపెట్టింది. జీని అంది, పోస్టుమాన్ అన్నాడు, ఇద్వాల్ గారు అన్నారు. ఇథెల్ సరేసరి. ప్రార్థనలో దేవుణ్ణి కూడా నువ్వే అంటాం ఇక్కడ. అత్తగారు తన కొడుకునీ, ఆ కుక్కనీ, కిటికీ మీద వాలే సముద్రపు కాకినీ నువ్వనేవారు. నన్ను ఒక్కదాన్నే మీరనేవారు.

మొదట మర్యాద అనుకున్నాను. తర్వాత ఇంగ్లీషుదాన్నని కోపం అనుకున్నాను. ఇథెల్‌ని అడిగితే, "అమ్మ తీరు అంతేలే, పట్టించుకోకు" అనేవాడు. పట్టించుకోకుండా ఉండటానికి నాకు ఇరవై ఆరేళ్ళూ చాలలేదు.

మంచం పక్క కుర్చీలో కూర్చుని అడిగాను. "అత్తయ్యగారూ, పెళ్ళయిన మర్నాడు మీకో ఉత్తరం ఇచ్చాను. మా ఊరి సంఘం వాళ్ళది. గుర్తుందా?"

"ఏ ఉత్తరమండీ?"

"బదిలీ ఉత్తరం. పెద్దలకి ఇవ్వమని ఇచ్చాను."

"మీరేది ఇచ్చినా జాగ్రత్తగానే పెట్టి ఉంటాను."

"పెట్టడం కాదు. ఇచ్చారా?"

ఆవిడ కప్పు అందుకుని ఒక గుక్క తాగారు. మూతి తుడుచుకున్నారు. "ఈ రొట్టె జీని కొట్లోదేనా? చేతికి పొడి రాలుతోంది. మునుపు ఇలా ఉండేది కాదు."

"అత్తయ్యగారూ."

"మీరూ తాగండి, చల్లారిపోతుంది."

అప్పుడు నేను గొంతు లేపాను. ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఇథెల్ పోయిన రోజు కూడా గట్టిగా ఏడవలేదు, ఆవిడ కంగారుపడతారని.

"నేనెవరిని అత్తయ్యగారూ ఈ ఇంట్లో? మీ పక్క దులిపాను, మీ కాళ్ళు ఒత్తాను, మీ భాష నేర్చుకున్నాను. మీ అబ్బాయిని నా చేతులతో కడిగి పంపించాను. ఆయన దగ్గరికి పోవడానికి ఇవాళ నాకు చోటు లేదంటున్నారు. కుక్కని నువ్వన్నారు, కాకిని నువ్వన్నారు. నన్ను ఒక్కసారి అనలేకపోయారు. అంత కానిదాన్నా నేను?"

ఆవిడ నావైపు చూశారు. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. ఆ చూపు ఇప్పుడు తలుచుకుంటే నాకు వేరేగా అనిపిస్తుంది, కానీ అప్పుడు అంత ఆలోచన లేదు. కళ్ళు మెల్లగా కిటికీవైపు తిరిగాయి. బయట కాకులు అరుస్తున్నాయి.

తర్వాత, నావైపు చూడకుండానే, అలవాటైన పనిమీద చెప్పినట్టు అన్నారు.

"తలుపు మూసెయ్యవే, గాలి కొడుతోంది. చెప్పులు గుమ్మంలోనే వదిలావు కదా, గ్వెన్నో?"

*

గ్వెన్నో ఇథెల్ చెల్లెలు. నేను చూడలేదు. ఆ పిల్ల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఇల్లు వదిలి లివర్‌పూల్ వెళ్ళిపోయిందనీ, రెండేళ్ళకే అక్కడ పోయిందనీ, ఆ ఊళ్ళోనే పాతిపెట్టారనీ ఇథెల్ ఒకసారి చెప్పాడు. చెప్పి, ఆ రోజు అన్నం తినలేదు.

నేను లేచి తలుపు మూశాను. నిజం చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషం. మూసెయ్యవే అన్నారు. వదిలావు కదా అన్నారు. నా కోసం కాదని తెలుసు. అయినా ఎండలో నడిచొచ్చినవాడు ఎవరిదో కుండ ముంచుకుని తాగినట్టు తాగేశాను ఆ మాటని.

మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. లోర్నాకి చెప్పనిది గ్వెన్నోకి చెబుతారేమో.

అబద్ధమాడటం పాపమని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను. నేర్పాను కూడా, హెబ్రోన్ ఆదివారపు బడిలో. కానీ ఆ క్షణంలో నేను ఆడవలసిన అబద్ధం ఎంత చిన్నదో చూడండి. ఇక్కడ కన్నపిల్లలు కూడా తల్లిని మీరే అంటారు. నేను మార్చవలసింది ఒక్క పిలుపు. దేవుడా, నువ్వు చూస్తూనే ఉన్నావు, నన్ను ఆపలేదు. ఆపలేదంటే సరేనన్నట్టా, లేక నేను ఎంత దూరం పోతానో చూద్దామనా? ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

మంచం దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాను. "అమ్మా" అన్నాను.

"ఎంత చిక్కిపోయావే" అన్నారు. చెయ్యి చాపి నా చెంప నిమిరారు. ఆ చెయ్యి ఎప్పుడూ అంత దూరం రాలేదు. "అక్కడ తిండి సరిగా పెట్టేవాళ్ళు కాదా? నీకు ఉడకబెట్టిన కూరముక్కలు ఇష్టమని రాద్దామనుకున్నాను. ఎవరికని రాయను?"

"బాగానే ఉన్నానమ్మా."

"ఉండవు. నువ్వెప్పుడూ అంతే. మోకాలు చెక్కుకుపోయినా బాగానే ఉందంటావు."

నేను అడగవలసింది అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అమ్మా, అన్నయ్య ఒక ఇంగ్లీషు పిల్లని చేసుకున్నాడు కదా. ఆ పిల్ల మీకో ఉత్తరం ఇచ్చింది. దాన్నేం చేశారు?"

"ఇవ్వలేదే" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో.

"ఎందుకు?"

"పుస్తకంలో పేరు రాస్తేనే కదా కొట్టేసేది. రాయకపోతే ఏం కొడతారు?" ఆవిడ నా వేళ్ళు పట్టుకున్నారు. "నీ పేరు ఎర్రసిరాతో కొట్టేశారు. నేను చూశాను. ఒకటే గీత. స్కేలు పెట్టి గీశారే, వంకర పోకుండా."

నాకు అప్పుడు అర్థమైంది. నేను రాక ముందు సంగతులు హెబ్రోన్‌లో ముసలివాళ్ళు సగం సగం చెప్పుకోగా విన్నాను. పెళ్ళి కాకుండా కడుపొచ్చిన పిల్లని శుక్రవారం కూడికలో అందరి ముందూ లేపి నిలబెట్టేవారట. ఎదురుగా పెద్దలు కూర్చునే బెంచీ. పాస్టరుగారు తప్పు చదివి, ఈమెను సంఘంలోంచి వెలివెయ్యడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అనేవారట. ఆ పిల్ల గ్వెన్నో అని మాత్రం ఎవరూ నాతో అనలేదు.

"నువ్వు ఆకుపచ్చ కోటు వేసుకున్నావు" అన్నారు అత్తగారు. "గుండీ ఒకటి ఊడిపోయింది. పొద్దున చూశాను, సాయంత్రానికి కుడదాంలే అనుకుని మరిచిపోయాను. నువ్వు అందరి ముందూ నిలబడి ఆ గుండీ లేనిచోట చేత్తో పట్టుకున్నావు. నాకు పాస్టరుగారు ఏమంటున్నారో వినపడలేదే. గుండీ కుట్టలేదే అనే అనుకుంటున్నాను."

నేను ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

"చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. ఎత్తి, వెనక్కి తిరిగి నావైపు చూశారు. నేనేం చేస్తానా అని. మీ నాన్న తల దించుకున్నాడు." ఆవిడ తన కుడిచెయ్యి వైపు చూసుకున్నారు. "నా చెయ్యి కూడా లేచిందే గ్వెన్నో. నేనెత్తలేదు. అదే లేచింది. నువ్వు చూశావు. చూసి, నువ్వే తల ఊపావు, పర్వాలేదమ్మా అన్నట్టు. ఎందుకు ఊపావే అలా? తిట్టినా బాగుండేది."

ఆవిడ ఏడుపు నేను అంతకుముందు చూడలేదు. ఇథెల్ పోయినప్పుడు కూడా గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు నోరు తెరిచి, పళ్ళు లేని చిన్నపిల్లలాగా ఏడ్చారు. దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"'నువ్వు' అని పిలుచుకున్న పిల్లని నిలబెట్టుకోలేకపోయాను. ఇంక ఆ మాట ఏ ఆడపిల్లకీ ఇవ్వకూడదనుకున్నాను. వాడు ఆ పిల్లని తెచ్చాడు. ఎర్రటి ముక్కు, చలికి వణుకుతూ, తప్పుల తప్పుల మాటలు. 'నువ్వు' అనబోయేదాన్ని. నోటి దాకా వచ్చేది. మింగేసేదాన్ని. 'మీరు' అంటే కాస్త దూరంగా ఉంటుంది, దూరంగా ఉంటే దానికేం కాదు అనుకునేదాన్ని." నా చేతిని ఊపారు. "నన్ను క్షమించావా? చెప్పు. ఇంత దూరం వచ్చావు కదా, చెప్పి వెళ్ళు."

ఆ మాట అనడానికి నాకేం హక్కుంది? ఆ క్షమాపణ నాది కాదు. దాని సొంతదారు లివర్‌పూల్ మట్టిలో ఉంది. నాది కాని పేరుతో, నాది కాని మాట తీసుకున్నాను, ఇప్పుడు నాది కానిదాన్ని ఇవ్వమంటున్నారు. అటు చూస్తే ఎనభై ఎనిమిదేళ్ళ ముసలావిడ. ఇంకెన్ని పొద్దులు? ఆ పిల్ల ఆ రోజు తల ఊపిందట కదా. నేను చెప్పేది కొత్తదేమీ కాదు, ఆమె ఇచ్చిందాన్నే మళ్ళీ అందించడం. అలా అనుకుని ధైర్యం చేశాను.

"క్షమించానమ్మా. ఆ రోజే క్షమించాను."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి ఏడుపు సన్నబడి ఆగింది. నా చెయ్యి వదల్లేదు. నిద్రపోయారనుకున్నాను. అంతలో గొణిగారు.

"ఎడమ సొరుగు. అడుగున పరిచిన కాగితం కింద. నేనూ ఇథెలూ దాచాం."

"ఇథెలా?"

"వాడే కదే ఇవ్వొద్దన్నది."

*

ఆ పళ్ళేల బీరువా మంచానికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆవిడ వేళ్ళలోంచి నా చెయ్యి విడిపించుకుని అక్కడికి వెళ్ళాను.

ఇథెల్‌కి తెలుసు. ఇరవై మూడేళ్ళు నా పక్కన, వెనక నుంచి మూడో బెంచీలో, ఒకే పాటల పుస్తకం ఇద్దరం పట్టుకుని పాడిన మనిషికి తెలుసు. నేను బల్ల దగ్గరికి వెళ్తుంటే దారి ఇచ్చి నిలబడిన మనిషికి తెలుసు. నా దగ్గర అతను ఏదీ దాచలేదనుకునేదాన్ని. తనకి ముందొక పెళ్ళయిందని కూడా చేసుకోక ముందే చెప్పాడు. నౌకాదళంలో ఉండగా మాల్టాలో ఒకమ్మాయిని చేసుకున్నాడు. ఇతను ఓడ మీద ఉండగా ఆమె జ్వరంతో పోయిందని కబురొచ్చింది. నాకు ఆ అమ్మాయి మీద జాలి ఉండేది. మొగుణ్ణి చూసుకోకుండానే పోయిందే అని. ఏటా మార్చిలో ఆమె పేరున హెబ్రోన్ కిటికీలో పచ్చపూలు పెట్టేదాన్ని. "ఎందుకే లోర్నా, ఊరుకో" అనేవాడు ఇథెల్. మగవాళ్ళ దుఃఖం అలాగే ఉంటుందనుకుని, ఇంకో రెండు పూలు ఎక్కువే పెట్టేదాన్ని.

ఎడమ సొరుగు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా లాగితే వచ్చింది. మడతపెట్టిన బల్లగుడ్డలు, కొవ్వొత్తి ముక్కలు, ఒక సిగరెట్టు డబ్బాలో గుండీలు. అందులో ఆకుపచ్చది ఒకటుంది. దాన్ని చూసి కాసేపు ఆగిపోయాను. అన్నీ తీసి నేల మీద పెట్టాను. అడుగున పరిచిన కాగితం పసుపురంగుకి తిరిగి చెక్కకి అంటుకుపోయింది. అంచు ఎత్తాను.

నా ఉత్తరం అక్కడే ఉంది. మా లీక్ పాస్టరుగారి గుండ్రటి రాత. "మా సహోదరి లోర్నాను మీ ప్రేమకు అప్పగిస్తున్నాము." ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ అప్పగింత తీసుకోని మనిషిని నేను.

అయినా, మీకు నిజం చెప్పాలి కదా, ప్రాణం లేచివచ్చింది. ఉత్తరం దొరికింది. ఇవాళ బుధవారమే. మధ్యాహ్నం లోపల ఇద్వాల్ గారి చేతిలో పెట్టవచ్చు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కలం తీసి, నా పేరు రాస్తారు. ఇథెల్ పైన నాకు చోటుంటుంది. ఎందుకు దాచారా అని తర్వాత ఏడవచ్చు, చచ్చిపోయినవాడి మీద అలగడానికి బోలెడు కాలముంది. పరాయిదేశంలో పెళ్ళాం చనిపోతే, ఆ ఊరివాళ్ళకి వంగి దణ్ణం పెట్టి, పాతిపెట్టుకోవడానికి ఇంత నేల అడిగిన బైబిల్లోని ముసలాయన కథ నేనే పిల్లలకి చెప్పేదాన్ని. ఆయనకి నేల ఇచ్చారు. ఆ ఊరి పేరే మా మందిరానికి పెట్టుకున్నాం. నాకు మాత్రం ఎందుకివ్వరు?

మడతపెట్టబోతూ కాగితం తిప్పాను.

వెనకవైపు ఇథెల్ రాత. పెన్సిలుతో. పడవల ఇంజన్లు బాగుచేసే చేతి రాత, నల్లటి వేలిముద్ర కూడా పక్కనే ఉంది. తారీకు మా పెళ్ళయిన తొమ్మిదో రోజు.

"అమ్మా, దీన్ని పెద్దలకి ఇవ్వకండి. మాల్టాలో ఆమె బతికే ఉందని ఇవాళ ఉత్తరం వచ్చింది. ఇది బయటపడితే గ్వెన్నోని లేపి నిలబెట్టినట్టు లోర్నానీ నిలబెడతారు. తనకేమీ తెలియదు. ఎప్పటికీ తెలియనివ్వకండి. ఇథెల్."

ఒకసారి చదివాను. ఈ భాషలో నాకింకా తప్పులు వస్తుంటాయి, ఏదో మాట పొరపాటుగా అర్థం చేసుకున్నానేమోనని మళ్ళీ ఒక్కో మాటా వేలు పెట్టి చదివాను. పొరపాటేమీ లేదు. చిన్న చిన్న మాటలే.

బతికే ఉంది. నేను ఏటా పూలు పెట్టింది బతికున్న మనిషికి. ఆమె ఇంకా ఉందా? ఉంటే ఇథెల్ పైన ఆ చోటు ఎవరిది? ఈ కాగితం చూపిస్తే తప్ప నా పేరు పుస్తకంలోకి ఎక్కదు. చూపిస్తే ఇద్వాల్ గారు దీన్ని తిప్పుతారు. ఏ కాగితాన్నయినా రెండువైపులా చదివే మనిషి ఆయన. రెండో వైపు చదివాక మళ్ళీ స్కేలు తీస్తారా? అప్పుడు గీత ఎవరి పేరు మీద పడుతుంది, నాది ఇంకా రాయనే లేదు కదా.

మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాను, గుండీల డబ్బా పక్కన.

వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూశాను. అత్తగారు దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు. జుట్టు సవరించుకున్నారు. కన్నీళ్ళు తుడుచుకున్నారు. ఆ కళ్ళలో మతి మళ్ళీ నిండుగా ఉంది, పొద్దున టీ అందుకున్నప్పుడు ఉన్నట్టే. గ్వెన్నో ఆ గదిలో ఎక్కడా లేదు. ఎప్పుడు వెళ్ళిపోయిందో, అసలు వచ్చిందో లేదో, ఆవిడ ముఖం చూసి నేను చెప్పలేకపోయాను.

నా చేతిలో కాగితాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"దొరికిందా అండీ మీకు?" అన్నారు.